ప్రాచీన చైనా చరిత్ర గ్రంథాలను వ్యాఖ్యలతో కలిపి చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన చైనా చరిత్రకారుడు సీమా ఛియెన్ రాసిన ‘షిజీ’ని కొత్తగా చేతిలోకి తీసుకున్న తెలుగు పాఠకులు దాదాపు ఒకే వరసలో అవే సందేహాలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాస్తూ పోయేకంటే అన్నిటినీ ఒకచోట చేర్చడం మేలనిపించి ఈ పేజీ సిద్ధం చేశాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉండేలా చూశాను. చైనా పేర్లను నేటి ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా రాశాను. పాత పుస్తకాల్లో ‘స్సుమా చియెన్’ అని కనిపిస్తే అది సీమా ఛియెన్ పేరే.

## మొదలుపెట్టే ముందు

షిజీ అంటే ఏమిటి? అది చరిత్రా, కథల పుస్తకమా?

అది చరిత్రే. పురాణకాలపు పసుపు చక్రవర్తి నుంచి రచయిత తన కళ్ళతో చూసిన హాన్ వూ చక్రవర్తి పాలన వరకు సాగే 130 అధ్యాయాల చరిత్ర. అందులో రాజవంశాల వృత్తాంతాలు 12, కాలపట్టికలు 10, శాస్త్ర, పాలనా విషయాల మీద ప్రకరణాలు 8, సామంత వంశాల చరిత్రలు 30, వ్యక్తుల చరిత్రలు 70 ఉన్నాయి. మొత్తం 5,26,500 అక్షరాలని రచయితే చివరి అధ్యాయంలో లెక్క చెప్పుకున్నాడు. కథల పుస్తకమా అన్న అనుమానం రావడానికి కారణం, ఇందులో మనుషులు మాట్లాడుకుంటారు, ఏడుస్తారు, విందులో ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటారు. ఆ కాలపు చైనాలో చరిత్రకూ సాహిత్యానికీ మధ్య మనం నేడు గీసే గీత లేదు. అందుకే రెండు వేల ఏళ్ళ తర్వాత ఆధునిక చైనా రచయిత లూ షున్ ఈ గ్రంథాన్ని చరిత్రకారుల గానాల్లో సాటిలేనిదనీ, ప్రాసలేని ‘లీ సావో’ కావ్యమనీ అన్నాడు.

చరిత్రకు సాహిత్య వ్యాఖ్య ఎందుకు? ఏం జరిగిందో తెలిస్తే చాలదా?

చాలదు, ఎందుకంటే ప్రాచీన చైనా చరిత్రకారుడు తన తీర్పును మాటల ఎంపికలో దాచిపెడతాడు. క్రీ.పూ. 722 నాటి ఒక సంఘటనను లూ రాజ్యపు పాత వార్షిక చరిత్ర ‘వసంత శరత్ వృత్తాంతం’ ఆరే అక్షరాల్లో చెబుతుంది: జెంగ్ ప్రభువు యెన్ దగ్గర దువాన్‌ను జయించాడు. అంతే. చదివినవాడికి ఇదొక యుద్ధవార్తలా కనిపిస్తుంది. దువాన్ ఆ ప్రభువుకు సొంత తమ్ముడు. తల్లి చిన్నకొడుకు పక్షం వహించింది. అన్న ఏళ్ళ తరబడి ఊరుకుని, తమ్ముడు బాహాటంగా తిరగబడేదాకా ఆగి, అప్పుడు సైన్యం పంపాడు.

‘జువో జువాన్’ వ్యాఖ్య ఈ ఆరు అక్షరాలనూ ఒక్కొక్కటిగా విప్పుతుంది. దువాన్ తమ్ముడిలా ప్రవర్తించలేదు కాబట్టి ‘తమ్ముడు’ అన్న మాట వాడలేదు. ఇద్దరు రాజులు కొట్టుకున్నట్టుగా ఉంది కాబట్టి ‘జయించాడు’ అన్నారు. అన్నను అన్న అనకుండా ‘జెంగ్ ప్రభువు’ అనడం, తమ్ముడికి బుద్ధి చెప్పే బాధ్యత విస్మరించినందుకు అతనికి మందలింపు. వ్యాఖ్య లేకుండా ఆ వాక్యాన్ని దాటిపోయినవాడికి సంఘటన తెలుస్తుంది కానీ తీర్పు తెలియదు. చెప్పకనే చెప్పడం అన్న మాట మనకూ ఉంది. ఇక్కడ అది ఒక విద్యగా ఎదిగింది.

మన టీకాతాత్పర్యాలకూ వీటికీ పోలిక ఉందా?

కొంతవరకు ఉంది. మెదక్ ప్రాంతపు కొలచాల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ మాట ఇచ్చుకున్నాడు. కష్టపదాలకు అర్థం, స్థలాలకు గుర్తులు, పాఠభేదాల ప్రస్తావన అనే మేరకు చైనా వ్యాఖ్యాతలదీ అదే దారి. తేడా ఎక్కడంటే, మన వ్యాఖ్యాత ప్రధానంగా అన్వయం, అలంకారం, వ్యుత్పత్తి చూస్తాడు. చైనా చరిత్ర వ్యాఖ్యాత ఈ మాట ఇక్కడే ఎందుకు, ఈ సంగతి ఈ అధ్యాయంలో ఎందుకు లేదు అని కూడా అడుగుతాడు. ఆ రెండో ప్రశ్నే ఈ సంప్రదాయపు ప్రాణం అని నా అభిప్రాయం.

సీమా ఛియెన్ జీవితం తెలియకుండా చదవకూడదా?

చదవవచ్చు, కానీ చాలా పోగొట్టుకుంటారు. ఆయన తండ్రి సీమా తాన్ కూడా రాజాస్థాన చరిత్రకారుడే. క్రీ.పూ. 110లో మరణశయ్య మీద ఆ తండ్రి కొడుకు చేయి పట్టుకుని ఏడుస్తూ, తాను రాయాలనుకున్నది మరచిపోవద్దని కోరాడు. క్రీ.పూ. 99లో లీ లింగ్ అనే సేనాని ఉత్తరాది సంచారులైన షియోంగ్ను తెగలకు లొంగిపోయినప్పుడు, సభలో అందరూ అతన్ని నిందిస్తుంటే సీమా ఛియెన్ ఒక్కడే వెనకేసుకొచ్చాడు. చక్రవర్తి ఆగ్రహానికి గురై శిక్ష పడింది. డబ్బు కట్టి తప్పించుకునే వీలున్నా కట్టే స్తోమత లేదు. ఆత్మాభిమానం ఉన్నవాడు చావునే ఎంచుకోవాలని లోకం ఆశించే చోట, గ్రంథం పూర్తి చేయడం కోసం ఆయన వృషణచ్ఛేద శిక్ష భరించి బతికాడు. ఆ సంగతి రెన్ ఆన్ అనే మిత్రుడికి రాసిన లేఖలో ఆయనే చెప్పుకున్నాడు. అవమానం దిగమింగి బతికిన మనుషుల గురించి షిజీలో వచ్చినప్పుడల్లా వ్యాఖ్యాతలు ఆ లేఖను తలుచుకోవడానికి కారణం ఇదే.

## మూలం చదువుతున్నప్పుడు

ఒకే మనిషికి ఇన్ని పేర్లేమిటి? ఎవరు ఎవరో తెలియక ఆగిపోతున్నాను.

ఇది అందరికీ వచ్చే ఇబ్బందే. హాన్ వంశ స్థాపకుడు లియూ బాంగ్ ముందు ‘పేయ్ పెద్ద’గా, తర్వాత ‘హాన్ రాజు’గా, చివరకు ‘గావ్‌జూ’గా కనిపిస్తాడు. ఇది అజాగ్రత్త కాదు. ఆ క్షణాన అతనికి ఉన్న హోదాతోనే పిలవడం రచయిత పాటించిన నియమం. ఒక కాగితం మీద ప్రధాన వ్యక్తుల పేర్లన్నీ రాసి పక్కన పెట్టుకోండి. నాలుగైదు అధ్యాయాలయ్యాక ఆ కాగితం అవసరం ఉండదు, పైగా పేరు మారిన చోట హోదా మారిందని మీకే తెలిసిపోతుంది.

లియూ బాంగ్ అధ్యాయంలో అతను మంచివాడిలాగే ఉన్నాడు. మరి వ్యాఖ్యాతలు అతన్ని అంతగా తప్పుపడతారేం?

ఎందుకంటే అతని తప్పులు అతని అధ్యాయంలో లేవు, పక్కవాళ్ళ అధ్యాయాల్లో ఉన్నాయి. క్రీ.పూ. 205లో పెంగ్‌చెంగ్ దగ్గర ఓడి పారిపోతూ, బండి వేగం పెరగడం కోసం లియూ బాంగ్ తన కొడుకునూ కూతురినీ బండి మీద నుంచి తోసేశాడు. బండి తోలే షియాహోవ్ యింగ్ దిగి పిల్లల్ని మళ్ళీ ఎక్కించాడు. ఇలా మూడుసార్లు జరిగింది. ఈ సంగతి లియూ బాంగ్ వృత్తాంతంలో రాదు. అతని శత్రువు షియాంగ్ యూ అధ్యాయంలో వస్తుంది. తండ్రిని వండేస్తానని శత్రువు బెదిరిస్తే ‘ఆ పులుసులో నాకూ ఒక గిన్నె పంపు’ అన్న మాట కూడా అక్కడే ఉంది.

ఈ పద్ధతిని 11వ శతాబ్దంలో సూ షున్ స్పష్టంగా గుర్తించి చెప్పాడు: ఒక వ్యక్తి గొప్పతనం అతని సొంత అధ్యాయంలో చెడకుండా ఉంచి, లోపాన్ని మరోచోట బయటపెట్టడం. నాటి రాజవంశ స్థాపకుడి గురించి రాస్తున్న ఉద్యోగికి ఇది రక్షణ అని కొందరంటారు. నాకు మాత్రం, ఒక మనిషి గురించి తెలుసుకోవాలంటే అతని చుట్టూ ఉన్నవాళ్ళ జీవితాలు కూడా చదవాలని రచయిత మనల్ని పట్టుబట్టి నడిపించడమే ఇందులో కనిపిస్తుంది.

విందులో ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో అంత వివరంగా చెప్పడం అవసరమా?

క్రీ.పూ. 206లో షియాంగ్ యూ లియూ బాంగ్‌కు ఇచ్చిన హోంగ్‌మెన్ విందు గురించి అడిగే ప్రశ్న ఇది. షియాంగ్ యూ, అతని పినతండ్రి షియాంగ్ బో తూర్పు ముఖంగా. సలహాదారు ఫాన్ జెంగ్ దక్షిణ ముఖంగా. లియూ బాంగ్ ఉత్తర ముఖంగా. లియూ బాంగ్ సలహాదారు జాంగ్ లియాంగ్ పడమర ముఖంగా, సేవలో ఉన్నట్టుగా కూర్చున్నారని మూలం చెబుతుంది. నాటి విందు మర్యాదలో తూర్పు ముఖంగా ఉన్న ఆసనం అన్నిటికంటే పెద్దది. షియాంగ్ యూ దాన్ని తనే తీసుకున్నాడు. అతిథిని తన సలహాదారు కంటే కింద కూర్చోబెట్టాడు. అతిథి ఆ అవమానాన్ని ఒక్క మాట అనకుండా మింగాడు. ఫాన్ జెంగ్ నడుముకున్న పచ్చరాతి పతకాన్ని మూడుసార్లు ఎత్తి, చంపమని సైగ చేసినా షియాంగ్ యూ కదలలేదు. పైకి ఆసనాల పట్టికలా ఉన్న ఆ వాక్యంలోనే ఒకడి గర్వం, మరొకడి ఓర్పు ఉన్నాయి. వ్యాఖ్య చదవకపోతే ఆ దిక్కులు దిక్కులుగానే మిగిలిపోతాయి.

ఒంటరిగా చచ్చిపోయిన మనిషి ఆఖరి మాటలు రచయితకు ఎలా తెలిశాయి?

ఈ ప్రశ్న చైనాలోనే పుట్టింది, కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. జువో జువాన్‌లో క్రీ.పూ. 607 కింద ఒక సంఘటన ఉంది. మంత్రి జావ్ దున్‌ను చంపమని జిన్ రాజు చూ నీ అనేవాణ్ణి పంపుతాడు. తెల్లవారుజామున అతను వెళ్ళేసరికి తలుపులు తెరిచే ఉన్నాయి. మంత్రి కొలువు దుస్తులు వేసుకుని, ఇంకా పొద్దు ఉందని కూర్చునే కునుకు తీస్తున్నాడు. చూ నీ వెనక్కి తగ్గి, ఇంత నిష్ఠగలవాణ్ణి చంపడం ప్రజాద్రోహం, చంపకపోతే రాజాజ్ఞా ధిక్కారం అని నిట్టూర్చి, చెట్టుకు తల బాదుకుని చనిపోతాడు. ఆ నిట్టూర్పు ఎవరు విన్నారు?

పండితుడు ఛియెన్ జోంగ్‌షూ 1979లో వెలువడిన ‘గువాన్‌జుయి బియెన్’లో పూర్వులు లేవనెత్తిన ఈ సందేహాన్ని చర్చిస్తూ, ఇది మాటలను నమోదు చేయడం కాదు, ఆ మనిషి స్థానంలో నిలబడి మాట్లాడటం అన్నాడు. నాటకకర్తా నవలాకారుడూ తర్వాత చేసిన పని ఇక్కడే మొదలైందని ఆయన చూపించాడు. అయితే దీన్ని అబద్ధం కింద జమకట్టడం సరికాదు. తెరిచి ఉన్న తలుపులు, కునుకు తీస్తున్న మంత్రి, చెట్టు కింద శవం ఎదుట ఉన్నప్పుడు, వాటిని కలిపే ఒకే ఒక మాట ఏదై ఉంటుందో అదే చరిత్రకారుడు ఆ నోట పలికించాడు.

అధ్యాయం చివర ‘తాయ్‌షీగోంగ్ అంటున్నాడు’ అని వచ్చేది కూడా వ్యాఖ్యేనా?

అవును, అది రచయిత తన గ్రంథానికి తానే రాసుకున్న వ్యాఖ్య. తాయ్‌షీగోంగ్ అంటే ఆస్థాన చరిత్రకారుడు. అంతకు ముందు జువో జువాన్‌లో ‘సజ్జనుడు అంటున్నాడు’ అని వచ్చే తీర్పులు దీనికి పూర్వరూపం. కానీ సీమా ఛియెన్ ఆ చోటును తీర్పుకే పరిమితం చేయలేదు. కన్ఫ్యూషియస్ ఆలయానికి వెళ్ళి కదలలేక అక్కడక్కడే తిరిగానని ఒకచోట అంటాడు. వ్యూహకర్త జాంగ్ లియాంగ్ భారీ మనిషి అయి ఉంటాడనుకున్నాననీ, తీరా చిత్రపటం చూస్తే అందమైన స్త్రీలా ఉన్నాడనీ మరోచోట చెబుతాడు. ఇంత పెద్ద గ్రంథంలో ఆయన గొంతు సూటిగా వినిపించే చోట్లివి. దయచేసి వీటిని దాటవేయవద్దు.

## వ్యాఖ్యల్లోకి వెళ్ళాక

‘మూడు వ్యాఖ్యలు’ అంటున్నారు. అవేమిటి, ఏది ముందు చదవాలి?

5వ శతాబ్దపు పేయ్ యిన్ రాసిన ‘జీజియె’, 8వ శతాబ్దపు సీమా జెన్ రాసిన ‘సువోయిన్’, అదే శతాబ్దపు జాంగ్ షౌజియె రాసిన ‘జెంగ్‌యీ’ ఆ మూడు. ఒకప్పుడు విడి గ్రంథాలు. సోంగ్ వంశ కాలపు (10–13 శతాబ్దాలు) అచ్చు పుస్తకాల్లో మూలం వాక్యాల మధ్యనే చిన్న అక్షరాల్లో కలిసిపోయాయి. పేయ్ యిన్ పూర్వుల మాటలు పోగుచేస్తాడు, సీమా జెన్ మూలంతోనే వాదన పెట్టుకుంటాడు, స్థలాల విషయంలో జాంగ్ షౌజియెను మించినవారు లేరు. వరస పెట్టుకోనక్కర్లేదు. ఆగిపోయిన చోట ముగ్గురినీ చూడండి.

పాత అచ్చు ప్రతుల్లో అక్షరాల పక్కన సున్నాలు, చుక్కలు ఉన్నాయి. అవి విరామచిహ్నాలా?

కొన్ని విరామానికే, కానీ చాలామట్టుకు అవి మెప్పు గుర్తులు. మింగ్ వంశ కాలంలో (14–17 శతాబ్దాలు) చరిత్రను కావ్యంలా చదివే పద్ధతి బలపడింది. వ్యాఖ్యాత బాగున్న వాక్యం పక్కన వరసగా సున్నాలు, మలుపు ఉన్న చోట చుక్కలు పెట్టి, పేజీ పైఅంచున రెండు మూడు మాటల్లో అభిప్రాయం రాసేవాడు. గుర్తుల అర్థం ఒక్కో ప్రతిలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ముందున్న నియమాలు చూసుకోవాలి. 16వ శతాబ్దపు గుయ్ యోవ్‌గువాంగ్ షిజీకి రంగురంగుల గుర్తులు పెట్టి చదివాడు. అదే శతాబ్దం చివరి భాగంలో లింగ్ జిలోంగ్ అనేకమంది పూర్వుల అభిప్రాయాలను ‘షిజీ పింగ్‌లిన్’గా ఒకచోట చేర్చాడు. ఒక గొప్ప పాఠకుడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ ఊపిరి బిగబట్టాడో నాలుగు వందల ఏళ్ళ తర్వాత మనకు చూపించే గుర్తులు అవి.

వ్యాఖ్యాతలు ఎగిరి గంతేసే వాక్యం నాకు అనువాదంలో మామూలుగానే ఉంది. లోపం నాదా?

మీది కాదు, అనువాదానిదీ పూర్తిగా కాదు. క్రీ.పూ. 207 నాటి జూలూ యుద్ధం తీసుకోండి. షియాంగ్ యూ నది దాటి, పడవలు ముంచి, వంటపాత్రలు పగలగొట్టి, మూడు రోజుల తిండితో సైన్యాన్ని ముందుకు నడిపించాడు. ఆ తర్వాతి వర్ణనలో ‘వూ బూ’, అంటే ‘కానివాడు లేడు’ అన్న జంట అక్షరాలు మూడుసార్లు మోగుతాయి. అతని సైనికుల్లో పదిమందికి సమానం కానివాడు లేడు. చూస్తున్న మిత్రసేనల్లో వణకనివాడు లేడు. యుద్ధం అయ్యాక శిబిరం వాకిట్లో మోకాళ్ళ మీద పాక్కుంటూ రాని సేనాని లేడు. మొదటిది శౌర్యం, రెండోది భయం, మూడోది లొంగుబాటు. ఒకే మాట మూడు మెట్లు ఎక్కింది. అనువాదకుడు సాఫీగా ఉండాలని మూడు చోట్లా మూడు రకాల వాక్యాలు రాస్తే ఆ దెబ్బ మనకు తగలదు. వ్యాఖ్య పక్కన ఉంటే తగులుతుంది.

మూడు రాజ్యాల నవల చదివాను. అందులో ఉన్నదే చరిత్రా?

నవల వేరు, 3వ శతాబ్దపు చెన్ షౌ రాసిన ‘సాన్‌గువో జీ’ చరిత్ర వేరు. ఆ చరిత్రకు పేయ్ సోంగ్‌జ్ 429లో చక్రవర్తికి సమర్పించిన వ్యాఖ్య ఈ సంప్రదాయంలోనే విలక్షణమైనది. పదాలకు అర్థాలు చెప్పడం కంటే, మూలం విడిచిపెట్టిన సంగతులను ఇతర గ్రంథాల నుంచి తెచ్చి పక్కన పెట్టడం దాని పని.

నాటి సేనాని త్సావో త్సావో పారిపోతూ పరిచయస్తుడు లూ బోషె ఇంట్లో ఆగి, ఆ ఇంటివారిని చంపిన ఘట్టానికి పేయ్ సోంగ్‌జ్ మూడు కథనాలు ఇస్తాడు. మొదటి దాని ప్రకారం, ఇంటివాళ్ళే అతన్ని దోచుకోబోతే తిరగబడి చంపాడు. రెండో దాంట్లో వాళ్ళు అతిథి మర్యాదలు చేస్తున్నా అనుమానంతో రాత్రిపూట ఎనిమిది మందిని చంపాడు. మూడోదాంట్లో గిన్నెల చప్పుడు విని కుట్ర అనుకుని చంపి, తర్వాత దుఃఖంతో ‘ఇతరులు నాకు ద్రోహం చేసేకంటే నేను చేయడమే మేలు’ అన్నాడు. నవల ఈ మూడోదాన్ని తీసుకుని, ‘ఇతరులు’ అన్న చోట ‘లోకంలోని మనుషులు’ అని మార్చింది. చంపింది నిజమని మూడూ అంటున్నాయి. ఎందుకు, ఏ మనసుతో అన్నది మాత్రం చెప్పేవాడిని బట్టి మారింది. పేయ్ సోంగ్‌జ్ వాటిని కలిపి ఒకటిగా చేయకుండా విడివిడిగా ఉంచడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

రచయిత ఎక్కడా తీర్పు చెప్పలేదు కదా. వ్యాఖ్యాతలు తమ ఊహలు అంటగడుతున్నారేమో?

కొన్నిచోట్ల అలా జరిగింది, కానీ అన్నిచోట్లా కాదు. తీర్పు విడిగా చెప్పకుండా, కథనంలోనే ఉద్దేశం కనపడేలా రాయగలిగినవాడు తాయ్‌షీగోంగ్ ఒక్కడే అని 17వ శతాబ్దపు గూ యెన్‌వూ అన్నాడు. ఆయన చూపిన ఉదాహరణల్లో ఆర్థిక విధానాల ప్రకరణం ఒకటి. ఆ కథనం చివర, వర్షాలు సరిగా లేక చక్రవర్తి వానకోసం ప్రార్థనలు చేయిస్తాడు. ప్రభుత్వ వ్యాపారాన్ని నడిపిస్తున్న మంత్రి సాంగ్ హోంగ్‌యాంగ్. బూ షీ అనే అధికారి, ప్రభుత్వం పన్నులతో బతకాలి గానీ అధికారులను అంగళ్ళలో కూర్చోబెట్టి లాభాలు చూసుకోవడమేమిటని, ‘హోంగ్‌యాంగ్‌ను ఉడకబెట్టండి, వాన పడుతుంది’ అంటాడు. కథనం అక్కడ ఆగిపోతుంది. ఒప్పుకోలూ లేదు, ఖండనా లేదు. వేల అక్షరాల పన్నుల వివరాల తర్వాత ఆఖరి మాటగా దీన్నే ఎంచుకోవడం తీర్పు కాకపోతే మరేమిటి? వ్యాఖ్యాత మూలంలో ఒక స్థానాన్నో, ఒక మాటనో వేలితో చూపించగలిగితే నమ్మండి. చూపించలేకపోతే అది అతని ఊహే.

వ్యాఖ్యాతలందరూ పొగిడేవారేనా?

కాదు. 1వ శతాబ్దంలో హాన్ వంశ చరిత్ర ‘హాన్‌షూ’ రాసిన బాన్ గూ, సీమా ఛియెన్ లేని గొప్ప చెప్పలేదనీ, ఉన్న చెడు దాచలేదనీ మెచ్చుకుంటూనే, కన్ఫ్యూషియన్ గ్రంథాల కంటే తావో మార్గాన్ని ముందు పెట్టాడని తప్పుపట్టాడు. 710లో చరిత్ర రచన మీద ‘షీతోంగ్’ అనే గ్రంథం పూర్తి చేసిన లియూ జిజీ, చక్రవర్తి కాని షియాంగ్ యూను రాజవంశ వృత్తాంతాల్లో చేర్చడం నియమభంగం అన్నాడు. నా మటుకు నాకు ఆ నియమభంగమే షిజీకి వెన్నెముక.

## ముందుకు సాగాలనుకుంటే

ఏ అధ్యాయంతో, ఏ అనువాదంతో మొదలుపెట్టాలి?

7వది, షియాంగ్ యూ అధ్యాయంతో మొదలుపెట్టండి. వ్యక్తుల చరిత్రల్లో మొదటిదైన బో యీ అధ్యాయంతో మొదలుపెట్టవద్దు. అందులో కథ తక్కువ, దైవన్యాయం ఉందా లేదా అన్న రచయిత వేదన ఎక్కువ. అది తర్వాత చదివితేనే గుండెను తాకుతుంది. ఇంగ్లీషులో 1961లో వచ్చిన బర్టన్ వాట్సన్ అనువాదం ధారాళంగా చదివిస్తుంది. 1994 నుంచి విలియం నీన్‌హౌజర్ బృందం సంపుటాలుగా తెస్తున్న అనువాదంలో వ్యాఖ్యలు, పాఠభేదాలు విస్తారంగా ఉంటాయి. మొదటిది చదివి, ఆగిన చోట రెండోది తెరవడం మంచి పద్ధతి.

నేనే తెలుగులో వ్యాఖ్య రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టను?

ముందు, ఏం వదిలేశారో చూడండి. జాంగ్ లియాంగ్ చక్రవర్తితో తీరికగా ఎన్నో విషయాలు మాట్లాడాడనీ, వాటి మీద దేశం నిలవడం కూలడం ఆధారపడలేదు కాబట్టి రాయలేదనీ సీమా ఛియెన్ ఒక వాక్యం రాశాడు. ఎంత రాయాలో, ఎంత విడవాలో తెలిపే కొలబద్ద ఈ వాక్యమేనని 18వ శతాబ్దపు ఫాంగ్ బావ్ భావించాడు.

తర్వాత, ఒక్క మాట పట్టుకోండి. క్రీ.పూ. 202లో గాయ్‌షియా దగ్గర హాన్ సేనలు చుట్టుముట్టిన రాత్రి, డేరాలో పాట పాడుతూ షియాంగ్ యూ కన్నీరు కార్చాడు. ఆ తర్వాత వూ నది ఒడ్డున పడవతో ఒక గ్రామాధికారి ఎదురుచూస్తున్నాడు. దాటితే అవతల సొంత నేల ఉంది. అప్పుడు షియాంగ్ యూ ‘నవ్వి’, నన్ను నాశనం చేస్తున్నది దైవం, దాటి ఏం చేయను అన్నాడు. ఈ మాట అంతకు ముందే రెండుసార్లు తన సైనికులతో అన్నాడు. రచయిత అధ్యాయం చివర దాన్ని పెద్ద పొరపాటు అని ఖండించాడు. కానీ నవ్వాడన్న ఆ ఒక్క క్రియను మాత్రం ఖండించలేదు, వివరించనూ లేదు. డేరాలో ఏడ్చినవాడు ఏటి ఒడ్డున ఎందుకు నవ్వాడో మీ మాటల్లో ఒక పేరా రాసి చూడండి.